ప్రాణాయామం సరే, కాసేపు పడుకోనిస్తారా?

కొవిడ్ వచ్చి తగ్గిపోయిందన్న తర్వాత కూడా ఆయాసం, నీరసం వదలని ఆడవాళ్ళు మన చుట్టూ ఇంకా ఉన్నారు. వాళ్ళు ఎవరికి చెప్పుకున్నా వచ్చే సలహా ఒక్కటే: "రోజూ ప్రాణాయామం చెయ్యి, అదే పోతుంది." బంధువులు చెప్తారు, యూట్యూబు చెప్తుంది, పక్కవాటాలో ఆవిడ చెప్తుంది, ఆఖరికి గ్యాసుబండ తెచ్చిన అబ్బాయి కూడా చెప్పి వెళ్తాడు. సలహాలో తప్పు లేదు. ఊపిరి వ్యాయామాలు మంచివే, ఎలా మంచివో కింద రాస్తాను కూడా. నా గొడవల్లా ఆ ఒక్క ముక్క చెప్పేసి చేతులు దులుపుకోవడం గురించి. తెల్లవారుజామున ఐదింటికి లేచి రాత్రి పదిన్నర దాకా ఊపిరి సలపని పనిలో ఉండే మనిషికి, ఉన్న పనులకి తోడు ఇంకో పని అప్పజెప్పి, నెల తిరక్కుండానే "సరిగ్గా చెయ్యట్లేదు, అందుకే తగ్గలేదు" అని తీర్పు చెప్పేస్తే దాన్ని వైద్యం అనరు. అది ఇంకో రకం ఆరడి.

"ఆయాసం" అనే మాట చూడండి. ఊపిరి అందకపోవడాన్ని మనం ఆయాసం అంటాం. సంస్కృతంలో ఆ మాటకి శ్రమ, అలసట అని అర్థం. "ఎందుకంత ఆయాసపడతావు" అన్నప్పుడు ఆ పాత అర్థమే మన నోట్లోంచి వస్తుంది. లాంగ్ కొవిడ్‌లో ఈ రెండు అర్థాలూ ఒకే ఒంట్లో కాపురం పెడతాయి. ఊపిరీ అందదు, ఒళ్ళూ లేవదు. ఈ జబ్బుకి ఆ పేరు పెట్టింది డాక్టర్లు కాదు. ఎలీసా పెరెగో అనే ఇటలీ పురావస్తు పరిశోధకురాలు, తనకి ఎన్ని వారాలకీ తగ్గకపోతే 2020 మేలో ట్విట్టర్‌లో ఆ మాట వాడింది. జబ్బుపడ్డావిడ పెట్టిన పేరే నిలబడింది. ఆ తర్వాత 2021 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ఇచ్చింది. కొవిడ్ మొదలైన మూడు నెలలకి కూడా లక్షణాలు ఉండి, అవి కనీసం రెండు నెలలు సాగి, వాటికి వేరే జబ్బేదీ కారణమని తేలకపోతే అది ఇదే. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో ఇది ఎక్కువని చాలా దేశాల్లో తేలింది.

మా పెద్దాడపడుచు తాడేపల్లిగూడెంలో ఉంటుంది. 2021 మేలో ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి ఇంటికొచ్చింది. బతికి బయటపడింది, అదే పదివేలు అనుకున్నాం అందరం. ఇప్పుడు ఆవిడని చూస్తే జబ్బుమనిషని ఎవరూ అనరు. కూర్చుని కబుర్లు చెప్తుంటే అసలే తెలీదు. మేడ మీద బట్టలు ఆరెయ్యడానికి వెళ్తే మాత్రం మెట్ల మధ్యలో రెండుసార్లు ఆగుతుంది. అట్లతద్దికి పిండి రుబ్బుకుని, అట్లు పోసి, వాయనాలు సర్ది, వచ్చినవాళ్ళందరికీ వడ్డించి ఆ రోజంతా హుషారుగానే తిరిగింది. మూడోనాడు మంచం దిగలేకపోయింది. "మొన్న బాగానే తిరిగావుగా" అన్నారు ఇంట్లో. అన్నది మా అన్నయ్యగారే. ఆయన చెడ్డవారేమీ కాదు, రోగం అర్థంకాక అన్న మాట. కానీ వదిన ఆ మాట నాతో ఫోనులో మూడుసార్లు చెప్పింది.

నిజానికి ఆ "మొన్న బాగానే తిరగడం, ఇవాళ పడిపోవడం" అన్నదే జబ్బు లక్షణం. లాంగ్ కొవిడ్ ఉన్న చాలామందిలో శ్రమ చేసిన వెంటనే కాకుండా, ఒకటి రెండు రోజులు ఆగి దెబ్బ పడుతుంది. ఒళ్ళు నొప్పులు, తల మొద్దుబారడం, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోవడం. కాలు విరిగి కట్టు విప్పినవాళ్ళకి "రోజూ కొంచెం కొంచెం పెంచుకుంటూ నడువు" అని చెప్తాం, అది సరే. వీళ్ళకి అదే సూత్రం పెడితే ఉన్న బలం కూడా పోతుంది. వీళ్ళు చెయ్యాల్సింది అలసట రాకముందే ఆగడం. మనకి చిన్నప్పట్నుంచీ నేర్పింది ఏమిటి? పని అయిపోయాక ఆగడం. ఇంటిపని ఎప్పుడైనా అయిపోతుందా?

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2020 సెప్టెంబరు 13న, కొవిడ్ తగ్గినవాళ్ళు ఎలా ఉండాలో సూచనలు ఇచ్చింది. అందులో యోగాసనాలు, ప్రాణాయామం, ధ్యానం ఉన్నాయి. నడక కూడా ఒంటికి వీలైన వేగంలోనే నడవమన్నారు, తగినంత నిద్ర, విశ్రాంతి ఉండాలన్నారు. అంతా బాగుంది. ఆ పక్కనే ఇంకో వాక్యం: ఆరోగ్యం అనుకూలిస్తే రోజువారీ ఇంటిపనులు చేసుకోవాలి, ఉద్యోగం పని మాత్రం అంచెలంచెలుగా మొదలుపెట్టాలి. చూశారా? ఆఫీసు పనికి అంచెలున్నాయి. ఇంటిపనికి లేవు. రుబ్బడం, ఉతకడం, నీళ్ళు పట్టడం, అంట్లు తోమడం అన్నీ కలిపి ఒక్క అంచె. ఆ వాక్యం రాసినవాళ్ళకి దురుద్దేశం ఉందని కాదు. ఇంటిపనిని శ్రమ కింద లెక్కేసే అలవాటు ఎవరికీ లేదు, వాళ్ళకీ లేదు.

ఇంతకీ ఊపిరి వ్యాయామం ఏం చేస్తుంది? ఊపిరితిత్తులు వాటంతట అవి ఉబ్బలేవు. వాటి కింద బోర్లించిన మూకుడులా ఒక పెద్ద కండరం ఉంటుంది, దాన్ని డయాఫ్రం అంటారు. అది కిందికి దిగితే ఊపిరి లోపలికి వస్తుంది, అప్పుడు పొట్ట కాస్త పైకి లేస్తుంది. పడుకున్న పసిపిల్ల పొట్ట చూడండి, ఎంత చక్కగా లేచి దిగుతుందో. పెద్ద జబ్బు చేసి, భయపడి, రొప్పి రొప్పి ఉన్నవాళ్ళు ఆ కండరాన్ని వదిలేసి మెడతో, భుజాలతో ఊపిరి లాగడం అలవాటు చేసుకుంటారు. పైపైన, గబగబా. అలా గబగబా పీలిస్తే ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్, అదే మన చిన్నప్పటి పాఠాల్లో బొగ్గుపులుసు వాయువు, ఉండాల్సిన దానికన్నా తగ్గిపోతుంది. దాంతో తల తిరుగుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, గుండె దడదడలాడుతుంది. అప్పుడు ఇంకా భయం వేస్తుంది, ఇంకా గబగబా పీలుస్తారు. వ్యాయామం చేసేది ఈ గొలుసుని తెంపడం. దెబ్బతిన్న ఊపిరితిత్తిని కొత్తగా చెయ్యదు, ఎవరైనా చేస్తుందని చెప్తే నమ్మకండి.

చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ముక్కుతో నెమ్మదిగా పీల్చి, పెదాలు గుండ్రంగా చేసి వేడి పాలు ఊదినట్టు వదలాలి. పీల్చడానికి రెండు లెక్కపెడితే వదలడానికి నాలుగు. పెదాలు సగం మూసి ఊదితే లోపలి సన్నటి గొట్టాలు వెంటనే ముడుచుకుపోకుండా ఉంటాయి, లోపల చిక్కుకున్న పాత గాలి బయటికి పోతుంది, కొత్త గాలికి చోటు దొరుకుతుంది. మా అమ్మమ్మ ఊదుగొట్టంతో పొయ్యి ఊదడం గుర్తొస్తుంది నాకు. ఒక్కో ఊదు ఎంత పొడుగ్గా, ఎంత తాపీగా ఉండేదో! ఆ పొగ మాత్రం మనకొద్దు, దానివల్ల ఊపిరితిత్తులు పాడయిన అమ్మమ్మలు ఎందరో.

ఆయాసం ఎగదన్నినప్పుడు ఎలా కూర్చోవాలో కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ తన చిన్న పుస్తకంలో బొమ్మలతో చెప్పింది. కుర్చీలో ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించుకోవచ్చు. బల్ల మీద దిండు పెట్టి దాని మీద తల వాల్చుకోవచ్చు. వంటింట్లో ఉంటే గట్టు మీద చేతులు ఆనించి వంగి నిలబడొచ్చు. గోడకి వీపు ఆనించి, పాదాలు గోడకి ఒక అడుగు దూరంలో పెట్టి నిలబడొచ్చు. పడుకుంటే పక్కకి తిరిగి, తల కింద దిండ్లు ఎత్తుగా పెట్టుకోవాలి. 2021 ఏప్రిల్‌లో అందరం నేర్చుకున్న బోర్లా పడుకోవడం ఆక్సిజన్ పడిపోతున్నప్పటి మాట, ఇప్పటి ఆయాసానికి అదే చెయ్యాలని పట్టుపట్టక్కర్లేదు.

అన్నిటికన్నా మనకి పనికొచ్చేది ఇంకోటి. బరువెత్తే ముందు పీల్చి, ఎత్తేటప్పుడు వదలడం. బిందె ఎత్తేటప్పుడు, పరుపు తిప్పేటప్పుడు, మెట్టెక్కేటప్పుడు మనలో చాలామంది ఊపిరి బిగబడతాం. ఇది విదేశాలనుంచి వచ్చిన విద్యేమీ కాదు. దంపుళ్ళ పాటల్లో "సువ్వి" అన్న మాట రోకలి దెబ్బతోపాటే పడుతుంది, నోట్లోంచి గాలి బయటికి వస్తేనే ఆ మాట వస్తుంది. చాకిరేవులో బట్ట బండ మీద పడ్డప్పుడు వచ్చే "ఉస్సు", పడవ లాగేవాళ్ళ "హైలెస్సా" అన్నీ ఆ లెక్కే. డిగ్రీలో జానపద సాహిత్యం చదువుకున్నప్పుడు ఇవన్నీ శ్రమ మరిపించే పాటలని రాసి మార్కులు తెచ్చుకున్నాం. శ్రమ మరిపించడమే కాదు, ఊపిరిని కూడా దారిలో పెట్టేవి.

మూడు బంతుల ప్లాస్టిక్ పరికరం చాలా ఇళ్ళలో టీవీ పక్కన పడి ఉంటుంది. 600, 900, 1200 అని అంకెలుంటాయి. దాన్ని ఊదడానికి అనుకుంటారు చాలామంది. అది పీల్చడానికి. పోటీపడి మూడు బంతులూ లేపాలని లేదు, ఒక్కటి నెమ్మదిగా లేచి కాసేపు నిలబడినా మేలే. పిల్లల చేతికి ఇవ్వకండి, ఎంగిలి ఒకటి, పందెం ఒకటి.

టీవీలో చూసి కపాలభాతి, భస్త్రిక మొదలుపెట్టేవాళ్ళని చూస్తే నాకు భయం. అవి గబగబా కొట్టే ఊపిరులు. గబగబా పీల్చడమే జబ్బైన మనిషికి ఆ వేగం ఎందుకు? ఊపిరి బిగబట్టే కుంభకం కూడా ఇప్పుడు వద్దు. నెమ్మదిగా చేసే నాడీశోధన, తుమ్మెదలా రొద చేసే భ్రామరి చాలు. ఆ రొదలో ముక్కులోని నైట్రిక్ ఆక్సైడ్ మామూలుకన్నా 15 రెట్లు పెరుగుతుందని స్వీడన్ పరిశోధకులు 2002లో కొలిచి చెప్పారు. దాంతో లాంగ్ కొవిడ్ పోతుందని కాదు. రొద చెయ్యాలంటే గాలి నెమ్మదిగానే వదలాలి కదా, నాకు నచ్చేది అది.

లండన్‌లో ఇంకా సరదా పని చేశారు. ఇంగ్లీష్ నేషనల్ ఒపెరా అనే సంగీత నాటకాల సంస్థ, అక్కడి ఇంపీరియల్ కాలేజీ ఆసుపత్రుల ట్రస్టు కలిసి, కొవిడ్ తర్వాత ఆయాసం తగ్గనివాళ్ళకి ఆరు వారాలు ఆన్‌లైన్‌లో పాటల ద్వారా ఊపిరి నేర్పారు. ఏ పాటలనుకున్నారు? జోలపాటలు. 150 మంది మీద చేసిన ఆ పరిశోధన ఫలితాలు 2022లో లాన్సెట్ వాళ్ళ ఊపిరితిత్తుల పత్రికలో వచ్చాయి. పాల్గొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. మనసు కుదుటపడటంలో స్పష్టంగా మేలు కనబడింది, ఆయాసంలో కొంతవరకే. ఆ "కొంతవరకే" అన్న మాట దాచకుండా రాశారు వాళ్ళు. మన యూట్యూబు గురువులకి ఆ పాటి నిజాయితీ ఉంటే ఎంత బాగుండేది.

వదినకి ఈ సంగతి చెప్తే నవ్వి, "నాకు తెలీకుండానే చేస్తున్నానే" అంది. మధ్యాహ్నం మనవడిని పడుకోబెట్టడం ఆవిడ పని. గది తలుపు వేసుకుని, వాడి పక్కన వాలి, గొంతు తగ్గించి జోల పాడుతుంది. పాట అంటేనే పొడుగాటి ఊపిరి వదలడం, జోలలో అది ఇంకా తాపీ. వాడు పది నిమిషాల్లో నిద్రపోతాడు, ఆవిడ ఇంకో అరగంట అక్కడే ఉండిపోతుంది. ఆ అరగంటలో ఆవిడని ఎవరూ పిలవరు, పిల్లాడు లేస్తాడని. అదే ఆవిడ "నా కోసం ఒక అరగంట పడుకుంటాను" అని తలుపు వేసుకుంటే ఎన్ని పిలుపులొచ్చేవి! స్టవ్ మీద పాలు, కొరియరు అబ్బాయి, అన్నయ్యగారి కళ్ళజోడు. ఇంకొకరి పేరు చెప్తే తప్ప మనకి విశ్రాంతి దొరకదా?

అందుకే నేను ఆ ఇంట్లోవాళ్ళతో వాదన పెట్టుకున్నాను. వదిన ప్రాణాయామం ఆవిడ సొంత విషయం కాదు, బీపీ మాత్ర లాగే మందు అని. మందు వేళకి ఇవ్వడం ఇంట్లోవాళ్ళ బాధ్యత కాదా? ఉదయం ఒక పావుగంట, మధ్యాహ్నం ఆ అరగంట, పిలుపులు లేకుండా. బట్టలు మేడ మీదకి కోడలో కొడుకో తీసుకెళ్తారు. వంటింట్లో ఒక ఎత్తు స్టూలు, కూరలు కూర్చునే తరుగుతుంది. పండగొస్తే సగం పిండివంటలు కొనుక్కొస్తారు. తాడేపల్లిగూడెంలో దొరకనిదేముంది? కోడలు వెంటనే ఒప్పుకుంది. అన్నయ్యగారికి స్టూలు నచ్చలేదు, వంటింట్లో అడ్డంగా ఉందిట. ఉండనివ్వండి అన్నాను.

ఈ జబ్బుకి కనబడే రూపం లేకపోవడమే అసలు బాధ. 2020 డిసెంబరులో మా ఏలూరులో వింతజబ్బు వచ్చినప్పుడు ఆరు వందల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఉన్నట్టుండి మూర్ఛొచ్చి రోడ్ల మీద పడిపోయారు. ఎయిమ్స్ దాకా రక్తం నమూనాలు వెళ్ళాయి, సీసం, నికెల్ ఉన్నాయని తేలింది. దేశమంతా టీవీల్లో చూసింది. పడిపోయారు కాబట్టి చూశారు. మెట్ల మధ్యలో ఆగి చీర కొంగుతో మొహం తుడుచుకునే ఆవిడ దగ్గరికి ఎవరొస్తారు?

మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ సంగతి ఇంకా కష్టం. కొల్లేటి లంకల్లోంచి పొద్దున్నే బస్సులో వస్తుంది. కొర్రమీను, జెల్ల, ఏది దొరికితే అది. ఒకప్పుడు ఆవిడ కేక వీధి మొదట్లో వేస్తే చివరింటికి వినబడేది. రెండో వేవ్‌లో ఊరంతా జ్వరాలొచ్చినప్పుడు ఆవిడకీ వచ్చింది. పరీక్ష చేయించుకోలేదు, కాబట్టి కొవిడ్ అని కాగితం లేదు. "ఊపిరందట్లేదమ్మా, కేకెయ్యలేకపోతన్నాను" అంది ఒకరోజు. వినడానికి చిన్న మాట. కేక వెయ్యకపోతే చేప అమ్ముడుపోదు, మంచు కరిగిపోతుంది, సాయంత్రానికి ఆ సరుకు పారబొయ్యాలి.

ఆవిడకి నేను ప్రాణాయామం చెప్పలేదు. ముందు పరీక్షలు చేయించుకోమన్నాను. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే టీబీ పరీక్ష చేయించాలి, ప్రభుత్వాసుపత్రిలో డబ్బులు తీసుకోరు. హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది, రక్తం లేకపోయినా ఆయాసమే. థైరాయిడ్, గుండె, షుగరు కూడా చూడాలి. మనందరికీ ఇదే వరస: పరీక్ష ముందు, వ్యాయామం తర్వాత. ఛాతీలో నొప్పి, ఒక కాలే వాయడం, కఫంలో రక్తం, పెదాలు నీలంగా మారడం, వేలికి పెట్టే ఆక్సీమీటరులో 94 కన్నా తగ్గడం వీటిలో ఏదున్నా ఊపిరి లెక్కలు పెట్టుకుంటూ కూర్చోకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

పరీక్షల్లో రక్తం తక్కువని తేలింది, టీబీ లేదు. ఐరన్ మాత్రలు వాడుతోంది. ఆయాసం కొంచెం తగ్గింది, పూర్తిగా తగ్గలేదు. విశ్రాంతి తీసుకోమని ఆవిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఒక రోజు రాకపోతే ఆ రోజు డబ్బు ఎవరిస్తారు? ఎత్తేటప్పుడు ఊపిరి వదలమని చెప్పబోతే ఆవిడే, "దోనెకి గెడెయ్యటం లాగేగా అమ్మా, గెడ నొక్కేప్పుడు బిగబట్టం కదా" అంది. నాకన్నా బాగా తెలుసు. నెత్తిన తట్టకి మాత్రం అది వర్తిస్తుందని ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు.

మా వీధిలో నలుగురం ముందురోజే ఫోనులో చెప్పేస్తున్నాం, ఎవరికి ఏ చేప ఎంత కావాలో. ఆవిడ ఆటోస్టాండు దగ్గర తట్ట దింపుతుంది, మేమే వెళ్ళి తెచ్చుకుంటాం. పక్కవీధివాళ్ళు ఇద్దరు కలిశారు, ఇంకొందరు "మా గుమ్మంలోకి తెస్తేనే తీసుకుంటాం" అంటున్నారు. వాళ్ళ కోసం ఇంకా తిరుగుతోంది. వీధి మలుపులో అరుగు మీద తట్ట దింపి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి పది ఊపిరులు లెక్కపెట్టుకుని, అప్పుడు లేస్తోంది. కేక ఇంకా సగం వీధి వరకే వస్తోంది.